దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిశాక 1995లో సత్య, సయోధ్య కమిషన్ ఏర్పాటైంది. అక్కడివాళ్లు దాన్ని పొట్టిగా టీఆర్‌సీ అంటారు. మన పత్రికల్లో దీని గురించి వచ్చేవన్నీ దాదాపు ఒకే కథ చెబుతాయి: మండేలా క్షమించాడు, ఆర్చిబిషప్ టుటు కన్నీళ్లు పెట్టుకున్నాడు, దేశం ఒక్కటైంది. ఆ కథలో అబద్ధం లేదు కానీ అది సగమే. బాధితులు వచ్చి తమ వంతుగా నిజం చెప్పారు. ఆ తర్వాత తన వంతు చేయాల్సింది ప్రభుత్వం. అది ఎంతవరకు చేసింది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నది కూడా తెలియాలనే ఈ ప్రశ్నలు, జవాబులు.

కమిషన్ ఎందుకు? నేరస్తుల్ని పట్టుకుని జైల్లో వేస్తే సరిపోయేది కదా?

పట్టుకునే బలం అప్పుడు ఎవరి చేతిలో ఉందో చూడాలి. 1990 ఫిబ్రవరి 11న మండేలా జైలు నుంచి బయటికొచ్చే నాటికి సైన్యం, పోలీసు, ఖజానా, కోర్టులు అన్నీ తెల్లవాళ్ల ప్రభుత్వం కిందే ఉన్నాయి. మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) యుద్ధంలో గెలిచి అధికారంలోకి రాలేదు, బేరమాడి వచ్చింది. ఆ నాలుగేళ్ల చర్చల్లో వేలమంది చనిపోయారు. 1992 జూన్‌లో బోయ్‌పాటాంగ్‌లో ఒక్క రాత్రి నలభై మందికి పైగా ఊచకోతకు గురయ్యారు. 1993 ఏప్రిల్ 10న నల్లజాతి యువతలో మంచి పేరున్న నాయకుడు క్రిస్ హానీని ఇంటి ముందే కాల్చి చంపినప్పుడు దేశం అంతర్యుద్ధం అంచుకు వెళ్లింది.

అధికారం అప్పజెప్పాలంటే తమ మీద కేసులు ఉండకూడదని పోలీసు, సైనికాధికారుల వైపు నుంచి గట్టి ఒత్తిడి వచ్చింది. అందరికీ ఒకేసారి క్షమాభిక్ష కావాలన్నది వాళ్ల కోరిక. చివరికి 1993 తాత్కాలిక రాజ్యాంగం ఆఖర్లో ఒక పేరా చేర్చారు: రాజకీయ నేరాలకు క్షమాభిక్ష ఉంటుంది, ఎలా ఇవ్వాలో కొత్త పార్లమెంటు చట్టం చేస్తుంది. ఆ 'ఎలా' దగ్గరే కొత్త ప్రభుత్వం తన తెలివి చూపించింది. న్యాయశాఖ మంత్రి దుల్లా ఒమర్ (ఈయన భారతీయ సంతతివారే) తెచ్చిన 1995 చట్టం ప్రకారం క్షమాభిక్ష కావాలన్నవాడు తన పేరుతో దరఖాస్తు పెట్టుకోవాలి, జనం ముందు కూర్చోవాలి, చేసింది మొత్తం చెప్పాలి.

కమిషన్ కంటే ముందు ఆ హింసను ఎలా ఆపారు?

పూర్తిగా ఆపలేకపోయారు, కొంత తగ్గించగలిగారు. 1991 సెప్టెంబర్ 14న జాతీయ శాంతి ఒప్పందం మీద ప్రభుత్వం, ఏఎన్‌సీ, జులు ప్రాంతంలో బలమున్న ఇంకాథా పార్టీ సంతకాలు పెట్టాయి. చర్చిలు, వ్యాపార సంఘాలు మధ్యవర్తులుగా నిలబడ్డాయి. ఒప్పందం కింద ఊరూరా స్థానిక శాంతి కమిటీలు పుట్టాయి. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు కాల్పులు జరుపుకున్న పార్టీల నాయకులు, పోలీసు అధికారి, పాస్టర్, వ్యాపారి ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఊరేగింపు ఏ వీధిలో వెళ్లాలి, ఎవరు ఏం పట్టుకురాకూడదు, అంత్యక్రియల రోజు పోలీసులు ఎంత దూరంలో నిలబడాలి, ఇలాంటివే అక్కడి మాటలు. అప్పట్లో ఒక చావు అంత్యక్రియల్లో ఇంకో నాలుగు చావులు జరగడం మామూలు. దానికి ఈ బల్ల దగ్గరి మాటలే కాస్త అడ్డుకట్ట వేశాయి. శాంతి ప్రక్రియ అనగానే అందరూ పెద్ద నాయకుల ఫొటోలే చూస్తారు కానీ, నా దృష్టిలో ఈ కమిటీలకు రావాల్సినంత పేరు రాలేదు.

కమిషన్ ఎలా పనిచేసింది?

మొత్తం 17 మంది సభ్యులు. డెస్మండ్ టుటు అధ్యక్షుడు, అలెక్స్ బొరేన్ ఉపాధ్యక్షుడు. 1960 మార్చి 1 నుంచి 1994 మే 10 వరకు జరిగిన హత్యలు, అపహరణలు, చిత్రహింసలు, తీవ్రమైన దాడులు దాని పరిధి. పని మూడు కమిటీలు పంచుకున్నాయి: ఒకటి బాధితుల మాట వినడానికి, ఒకటి క్షమాభిక్ష తేల్చడానికి, ఒకటి నష్టపరిహారం సిఫార్సు చేయడానికి. 21 వేల మందికి పైగా వాంగ్మూలాలు ఇచ్చారు. వాళ్లలో బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం వచ్చింది కొద్దిమందికే. మిగతావాళ్లవి కాగితం మీద నమోదయ్యాయి.

ఆ విచారణలు ఎలా ఉండేవి? కోర్టులాగానా?

కోర్టులా ఉండకూడదనే చాలా జాగ్రత్త పడ్డారు. బాధితుల్ని గద్దించి అడిగే క్రాస్ ఎగ్జామినేషన్ పెట్టలేదు. మాట్లాడే మనిషి పక్కనే ధైర్యం చెప్పడానికి ఒకరు కూర్చునేవాళ్లు. భుజం మీద చెయ్యి వేయడం, నీళ్లు అందించడం వాళ్ల పని. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడొచ్చు, హెడ్‌ఫోన్లలో అనువాదం వినిపించేది. అనువాదకులు 'ఆయన్ని కొట్టారట' అని కాకుండా 'నన్ను కొట్టారు' అనే చెప్పాలి. ఉదయం బాధితురాలి నోటితో 'నా కొడుకుని చంపారు' అన్న మనిషే ఇంకో రోజు పోలీసు నోటితో 'నేనే చంపాను' అనాలి. ఆ పని చేసిన యువతీయువకులు చాలామంది ఆ తర్వాత ఏళ్ల తరబడి మానసికంగా నలిగిపోయారు. వాళ్లను తలుచుకునేవాళ్లు తక్కువ.

మొదటి విచారణ 1996 ఏప్రిల్ 15న ఈస్ట్ లండన్ సిటీ హాల్లో మొదలైంది. మరుసటి రోజు నొమోండే కలాటా మాట్లాడారు. ఆమె భర్త ఫోర్ట్ కలాటా క్రాడాక్ ఊరి టీచరు, ఉద్యమకారుడు. 1985 జూన్ 27 రాత్రి ఆయన్నీ మరో ముగ్గుర్నీ కారు ఆపి చంపేశారు. చెబుతూ చెబుతూ ఆమె ఒక్కసారిగా వెనక్కి వాలి అరిచిన అరుపు హాలంతా దద్దరిల్లింది. విచారణ ఆపాల్సి వచ్చింది. తిరిగి మొదలైనప్పుడు టుటు మాటలతో కాకుండా పాటతో మొదలుపెట్టారు. ఆ అరుపుతోనే కమిషన్ నిజంగా మొదలైందని ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లు ఆ తర్వాత రాశారు.

సారీ చెప్తే వదిలేశారంట, నిజమేనా?

కాదు. బహుశా అన్నిటికంటే ఎక్కువ మంది పొరబడే విషయం ఇదే. క్షమాభిక్షకు సారీ అవసరమే లేదు, చట్టం అడగలేదు. అడిగింది వేరే: నేరం రాజకీయ ఉద్దేశంతో జరిగిందా, ఆ కాలపరిధిలో జరిగిందా, చేసిన పనికి ఉద్దేశానికి పొంతన ఉందా, తెలిసిందంతా చెప్పారా. మొత్తం 7,112 మంది దరఖాస్తు చేస్తే క్షమాభిక్ష దక్కింది 849 మందికే. తిరస్కరణకు గురైనవాళ్లలో చాలామంది మామూలు దొంగతనాలకూ హత్యలకూ జైల్లో ఉండి, ఓ రాయి వేసి చూద్దామని దరఖాస్తు పెట్టినవాళ్లు.

నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో 1977 సెప్టెంబర్ 12న పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఆ కేసులో పోలీసులు క్షమాభిక్ష అడిగారు కానీ తోపులాటలో తల గోడకి తగిలిందనే పాత కథే వినిపించారు. నేరమే చేయలేదంటే క్షమాభిక్ష దేనికి? 1999లో వాళ్లకు నిరాకరించారు.

జెఫ్రీ బెంజీన్ సంగతి వేరు. కేప్‌టౌన్ సెక్యూరిటీ బ్రాంచ్‌లో ఖైదీల తలకు తడి సంచి తొడిగి ఊపిరాడకుండా చేయడంలో అతను ఆరితేరినవాడు. 1997 విచారణలో అతని చేతుల్లో నలిగిన టోనీ యెంగెనీ (అప్పటికే ఎంపీ) లేచి, అది ఎలా చేసేవాడివో ఇక్కడే చూపించు అన్నాడు. బెంజీన్ నేల మీద బోర్లా పడుకున్న ఒక మనిషి వీపు మీద కూర్చుని, తలకు గుడ్డ సంచి తొడిగి చూపించాడు. ఆ ఫొటో ప్రపంచమంతా వెళ్లింది. తర్వాత అదే బెంజీన్, అరగంటలోనే నువ్వు నీ సహచరుల వివరాలు చెప్పేశావు కదా అని అందరి ముందే యెంగెనీకి గుర్తుచేశాడు. హింసించినవాడికి బాధితుడి మీద పాత పట్టు ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. బెంజీన్‌కి 1999లో క్షమాభిక్ష వచ్చింది. నిజం చెప్పించడం ఎప్పుడూ గాయం మాన్పుతుందని అనుకునేవాళ్లు ఈ విచారణ రికార్డు ఒకసారి చదవాలి.

మరి నిజం బయటపడ్డం వల్ల బాధితులకు ఏం దొరికింది?

కొందరికి అస్థికలు దొరికాయి. ఇది చిన్న విషయం కాదు.

ఫిలా న్డ్వాండ్వే ఏఎన్‌సీ సాయుధ దళంలో నటాల్ ప్రాంత కమాండర్. చంటిబిడ్డ తల్లి. 1988లో స్వాజీలాండ్ నుంచి ఆమెను ఎత్తుకొచ్చారు, తర్వాత ఆచూకీ లేదు. క్షమాభిక్ష అడిగిన పోలీసులే పీటర్‌మారిట్జ్‌బర్గ్ దగ్గర ఒక పొలంలో చోటు చూపించారు. 1997లో తవ్వితే ఎముకలు బయటపడ్డాయి, పుర్రె పైభాగంలో తూటా రంధ్రం. నడుము ఎముకల చుట్టూ ఒక నీలం రంగు ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. బట్టల్లేకుండా బంధిస్తే ఆమె ఆ సంచినే ఒంటికి చుట్టుకుంది. ఇన్ఫార్మర్‌గా మార్చాలని ఎంత ప్రయత్నించినా ఆమె నోరు విప్పలేదని, చాలా ధైర్యవంతురాలని చంపినవాళ్లే ఒప్పుకున్నారు. క్షమాభిక్ష అనే బేరమే లేకపోతే ఆ పొలం ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. 2005లో ప్రాసిక్యూషన్ శాఖలో ఆచూకీ లేనివారి కోసం ప్రత్యేక బృందం పెట్టారు. ఆ బృందం తవ్వి తీసిన అస్థికలను కుటుంబాలకు అప్పగిస్తూ వస్తోంది.

బాధితుల కుటుంబాలన్నీ ఈ పద్ధతికి ఒప్పుకున్నాయా?

లేదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. బీకో కుటుంబం, డర్బన్‌లో 1981లో హత్యకు గురైన లాయర్ గ్రిఫిత్స్ మ్క్సెంగే కుటుంబం, ఇంకొందరు కలిసి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. మా వాళ్లను చంపినవాళ్ల మీద కేసు వేసే హక్కు మాది, దాన్ని వదులుకోవడానికి పార్లమెంటు ఎవరు అన్నది వాళ్ల వాదన. 1996లో కోర్టు చట్టం చెల్లుతుందనే తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ ఇస్మాయిల్ మొహమ్మద్ కుటుంబాల బాధను తక్కువ చేయలేదు. ఈ ఆశ చూపకపోతే నిజమూ బయటికి రాదు, శాంతియుతంగా అధికార మార్పిడీ జరగదు అన్నారు.

ఇంకోవైపు ఏమీ బీల్ తల్లిదండ్రులున్నారు. ఈ అమెరికన్ విద్యార్థినిని 1993 ఆగస్టులో గుగులెథూలో ఒక గుంపు చంపేసింది. శిక్ష పడిన నలుగురికి క్షమాభిక్ష ఇవ్వడాన్ని ఆ తల్లిదండ్రులు సమర్థించారు. తర్వాత వాళ్లలో ఇద్దరు ఆమె పేరిట పెట్టిన ఫౌండేషన్‌లోనే పనిచేశారు. ఇది నిజంగా గొప్ప విషయం. అయితే ఈ ఉదాహరణ చూపించి 'మీరూ క్షమించొచ్చు కదా' అని ఇంకో తల్లిని అడిగే హక్కు ఎవరికీ లేదు. మ్క్సెంగేల కోపం కూడా అంతే న్యాయమైనది.

ఏఎన్‌సీ చేసిన తప్పుల్ని కూడా అడిగారా, లేక ఒక పక్షాన్నే నిలదీశారా?

అడిగారు. అంగోలాలోని ఏఎన్‌సీ శిబిరాల్లో సొంత కార్యకర్తల్నే చిత్రహింసలు పెట్టిన సంగతి, జనం తిరిగే చోట్ల పెట్టిన బాంబుల సంగతి నివేదికలో ఉన్నాయి. 1997 చివర్లో మండేలా మాజీ భార్య విన్నీ మడికిజెలా-మండేలా మీద తొమ్మిది రోజుల విచారణ జరిగింది. ఆమె అంగరక్షకులు ఎత్తుకెళ్లిన స్టోంపీ సైపీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి హత్య అందులో ముఖ్యమైన అంశం. సారీ చెప్పమని టుటు ఆమెను బతిమాలారు. చివరికి పరిస్థితులు ఘోరంగా దారితప్పాయని మాత్రం ఆమె అన్నారు.

1998 అక్టోబర్ 29న ఐదు సంపుటాల నివేదిక మండేలాకు అందాల్సి ఉంది. ముందు రోజుల్లో దాన్ని ఆపమంటూ ఏఎన్‌సీయే కోర్టుకెళ్లింది, ఓడిపోయింది. మాజీ అధ్యక్షుడు డి క్లర్క్ కూడా కోర్టుకెళ్లాడు. అతని గురించిన భాగాన్ని నల్లరంగు పూసి అచ్చువేయాల్సి వచ్చింది. మండేలా మాత్రం నివేదికను ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించారు. ప్రధాన దోషి వర్ణవివక్ష ప్రభుత్వమేనని నివేదిక స్పష్టంగా రాసింది. అందరూ సమానంగా తప్పు చేశారని అది ఎక్కడా అనలేదు.

పాత పాలకులు, జడ్జీలు వచ్చి మాట్లాడారా?

1989 వరకు దేశాన్ని ఏలిన పి.డబ్ల్యు.బోథా రానే లేదు. సమన్లు లెక్కచేయనందుకు 1998లో శిక్ష పడింది, అప్పీల్లో సాంకేతిక కారణాలతో పోయింది. జడ్జీలూ రాలేదు, స్వతంత్రతకు భంగమంటూ రాతపూర్వకంగా పంపి ఊరుకున్నారు. చిత్రహింసలతో రాబట్టిన ఒప్పుకోళ్లను ఏళ్ల తరబడి సాక్ష్యంగా తీసుకున్న వ్యవస్థ అది. వాళ్లు ఒక్క పూట వచ్చి కూర్చోవాల్సింది. ఇక ఫైళ్ల సంగతి: 1993లో ఆరు నుంచి ఎనిమిది నెలల్లో ఒక్క ఇంటెలిజెన్స్ ప్రధాన కార్యాలయమే సుమారు 44 టన్నుల రికార్డులు తగలబెట్టిందని కమిషన్ తేల్చింది. ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో వేశారు.

సంస్థల సంస్కరణ అంటే ఏం చేశారు?

సైన్యం ముందు మారింది. పాత ప్రభుత్వ సైన్యం, నల్లవాళ్ల కోసమంటూ అది విడదీసిన నాలుగు 'హోమ్‌లాండ్' ప్రాంతాల సైన్యాలు, ఏఎన్‌సీ, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ (పీఏసీ)ల సాయుధ దళాలు, మొత్తం ఏడింటిని 1994 నుంచి ఒకటిగా కలిపారు. ఒకరినొకరు వేటాడుకున్నవాళ్లు ఒకే మెస్‌లో తినాల్సి వచ్చింది. ర్యాంకుల దగ్గర, భాష దగ్గర గొడవలు జరిగాయి, అయినా సైన్యం తిరగబడలేదు. ఆఫ్రికా ఖండంలో అదే కాలంలో మిగతా చోట్ల జరిగింది చూస్తే ఇదెంత పెద్ద విజయమో తెలుస్తుంది.

పోలీసులది కష్టమైన కథ. 1995 చట్టంతో 11 పోలీసు దళాలు ఒకటయ్యాయి. 'ఫోర్స్' తీసేసి 'సర్వీస్' అని పేరు మార్చారు, సైనిక ర్యాంకులు తీసేశారు, స్టేషన్ స్థాయిలో జనంతో కూడిన ఫోరంలు పెట్టారు. పోలీసుల మీద ఫిర్యాదులకు 1997లో విడి సంస్థ వచ్చింది. కానీ అధికార మార్పిడి ఒప్పందంలో పాత ఉద్యోగుల ఉద్యోగాలకు హామీ ఉంది. ఎవరు చిత్రహింసలు పెట్టారో వడపోసి తీసేసే పని జరగలేదు. నిన్న కొట్టినవాడే కొత్త బ్యాడ్జీ పెట్టుకుని అదే కౌంటర్ వెనక నిలబడ్డాడు. నేరాలు పెరిగాయన్న ఒత్తిడితో 2010లో సైనిక ర్యాంకులు తిరిగి తెచ్చారు. రెండేళ్లకు, 2012 ఆగస్టు 16న మారికానాలో సమ్మె చేస్తున్న 34 మంది గని కార్మికుల్ని పోలీసులు కాల్చి చంపారు. ఈసారి ప్రభుత్వం ఏఎన్‌సీది.

కోర్టుల్లో మార్పు అన్నిటికంటే బాగా నిలబడింది. జడ్జీల ఎంపికకు న్యాయ సేవా కమిషన్ వచ్చింది, అభ్యర్థుల ఇంటర్వ్యూలు బహిరంగంగా జరుగుతాయి. పాత జడ్జీల చేతుల్లో కొత్త హక్కులు పెట్టలేక, పదకొండు మందితో రాజ్యాంగ న్యాయస్థానం కొత్తగా పెట్టారు. 1995 జూన్‌లో అది మరణశిక్షను రద్దు చేసింది. 2004లో దాని సొంత భవనం జొహానెస్‌బర్గ్ పాత జైలు ఆవరణలోనే కట్టారు. గాంధీ, మండేలా ఇద్దరూ బందీలుగా ఉన్న చోటది. విచారణ ఖైదీల బ్లాకు కూల్చి, ఆ ఇటుకలనే కోర్టు హాలు గోడకు వాడారు.

నష్టపరిహారం ఎంత ఇచ్చారు?

కమిషన్ సిఫార్సు చేసింది ఒక్కో బాధితుడికి ఏటా సుమారు 17 వేల నుంచి 23 వేల ర్యాండ్లు (అక్కడి కరెన్సీ), ఆరేళ్ల పాటు. ఐదేళ్లు నాన్చి 2003లో ప్రభుత్వం ఇచ్చింది ఒకేసారి 30 వేల ర్యాండ్లు. అదీ కమిషన్ జాబితాలో పేరున్నవాళ్లకే. పల్లెల్లో ఉండి వాంగ్మూలం ఇవ్వలేకపోయినవాళ్లు, భయపడి రానివాళ్లు, అసలు సంగతే తెలియనివాళ్లు జాబితాలో లేరు, గడువు అయిపోయిందని తలుపు మూసేశారు. వ్యాపార సంస్థల మీద సంపద పన్ను వేయమన్న సలహా కూడా అటకెక్కింది. అన్నిటికంటే ఒళ్లు మండించేదేమంటే, బాధితుల కోసమే పెట్టిన రాష్ట్రపతి నిధిలో వంద కోట్ల ర్యాండ్లకు పైగా ఖర్చు కాకుండా మూలుగుతోంది. ఖులుమానీ అనే బాధితుల సంఘం ఏళ్లుగా పోరాడుతోంది. 2023 నుంచి ఆ ఉద్యమంలోని వృద్ధులు రాజ్యాంగ న్యాయస్థానం బయటే నిద్రపోతూ నిరసన తెలిపారు. డబ్బుంది, చట్టముంది, బాధితులు కళ్ల ముందే ఉన్నారు. ఇవ్వకపోవడానికి నాకైతే ఒక్క సాకు కూడా కనిపించదు.

క్షమాభిక్ష రానివాళ్ల మీద కేసులు పెట్టారా?

పెట్టాలి, బేరంలో అది రెండో సగం. నిజం చెప్పనివాడికి జైలు అన్న భయం ఉంటేనే నిజం చెప్పినవాడికి ఇచ్చిన క్షమాభిక్షకు అర్థం ఉంటుంది. కమిషన్ సుమారు 300 కేసులు ప్రాసిక్యూషన్‌కు అప్పగించింది. దాదాపు అన్నీ మూలనపడ్డాయి. పైనుంచి రాజకీయ జోక్యం ఉండేదని మాజీ ప్రాసిక్యూషన్ అధిపతి వూసీ పికోలీ కోర్టుకు ప్రమాణపత్రంలోనే చెప్పారు.

అడ్రియన్ వ్లోక్ ఒకప్పటి పోలీసు మంత్రి. పాస్టర్ ఫ్రాంక్ చికానే బట్టలకు 1989లో విషం పూసిన కేసు అతని మీద ఉండేది. 2006లో వ్లోక్ చికానే ఆఫీసుకెళ్లి ఆయన కాళ్లు కడిగాడు. 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంటే పదేళ్ల శిక్ష పడింది, అయితే అమలు నిలిపేశారు. మిగతా కేసుల్లో చాలామందికి ఆ పాటి శిక్షా పడలేదు.

అహ్మద్ టిమోల్ 1971 అక్టోబర్‌లో జొహానెస్‌బర్గ్ పోలీసు ప్రధాన కార్యాలయం పదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అప్పటి కోర్టు ఆత్మహత్య అంది. కుటుంబం పట్టు వదల్లేదు. 2017లో విచారణ మళ్లీ తెరిచి, అది హత్యేనని జడ్జి తేల్చారు. మరుసటి ఏడాది ఒక మాజీ పోలీసు మీద హత్య కేసు పెట్టారు. విచారణ మొదలవకముందే 2021లో అతను చనిపోయాడు.

క్రాడాక్ హత్యల్లో క్షమాభిక్ష తిరస్కరణకు గురైన పోలీసులు కూడా కేసు నడవకుండానే కన్నుమూశారు. 2025 జనవరిలో ఫోర్ట్ కలాటా కొడుకు లుఖాన్యో ముందుండి 25 కుటుంబాలు ప్రభుత్వం మీద కేసు వేశాయి. దాంతో అధ్యక్షుడు రామఫోసా అదే ఏడాది రిటైర్డ్ జస్టిస్ సీసీ ఖాంపెపే నాయకత్వంలో కమిషన్ వేశారు. కేసులు నడవకుండా ఎవరు అడ్డుపడ్డారో తేల్చడం దాని పని. ఒక కమిషన్ సిఫార్సులు ఎందుకు అమలు కాలేదో తెలుసుకోవడానికి ఇంకో కమిషన్ పెట్టాల్సి వచ్చింది.

కమిషన్ మీద పెద్ద విమర్శ ఏమిటి?

ఉగాండా మేధావి మహమూద్ మమ్దానీ చేసినది. చిత్రహింసలు పడ్డ కార్యకర్త బాధితుడయ్యాడు, అతన్ని కొట్టిన పోలీసు నేరస్తుడయ్యాడు. కానీ వర్ణవివక్షలో నలిగింది కొన్ని వేల మంది కార్యకర్తలే కాదు. 1960 నుంచి 1983 మధ్య సుమారు 35 లక్షల మందిని ఇళ్లు, భూములు ఖాళీ చేయించి తరిమారు. నల్లవాళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన పాస్ పుస్తకం లేదని లక్షల మందిని జైళ్లలో వేశారు. అవి అప్పటి చట్టం ప్రకారమే జరిగాయి కాబట్టి కమిషన్ పరిధిలోకి పెద్దగా రాలేదు. లాభపడ్డ తెల్ల కుటుంబాలకు 'ఆ పోలీసులే చెడ్డవాళ్లు' అనుకునే వెసులుబాటు దొరికింది. ఈ విమర్శలో నాకు కాదనడానికి ఏమీ కనబడలేదు.

అక్కడి తెలుగువాళ్లకు దీనితో సంబంధం ఉందా?

ఉంది, సూటిగానే. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 వరకు చెరకు తోటల పనికి వెళ్లిన కూలీల్లో విశాఖపట్నం, గంజాం, చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వర్ణవివక్ష చట్టాలు వీళ్లను 'ఇండియన్' అనే గడిలో పెట్టి, డర్బన్‌లోని కేటో మేనర్ లాంటి చోట్ల నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు తరలించాయి. 1984లో నల్లవాళ్లను బయటపెట్టి భారతీయులకు పార్లమెంటులో ఒక సభ ఇస్తామన్నప్పుడు నమోదైన భారతీయ ఓటర్లలో సుమారు ఐదోవంతు మందే ఓటేశారు. మనవాళ్లలో చాలామంది ఆ ఎరకు లొంగలేదని గర్వంగా చెప్పుకోవచ్చు.

గర్వపడలేనిదీ ఉంది. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లు, భారతీయుల మధ్య అల్లర్లలో 142 మంది చనిపోయారు. కమిషన్ 1960 నుంచే చూసింది కాబట్టి ఆ గాయం దాని ముందుకు రాలేదు. 2021 జులైలో క్వాజులు-నటాల్, గౌటెంగ్ రాష్ట్రాల్లో అల్లర్లు, లూటీలు జరిగినప్పుడు డర్బన్ దగ్గరి ఫీనిక్స్‌లో భారతీయులు దారులు మూసి కాపలా కాశారు. అక్కడ ముప్పై మందికి పైగా హత్యకు గురయ్యారు, చాలామంది నల్లవాళ్లే. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య బల్ల వేసిన దేశం, పక్కపక్క వాడల్లో ఉండే ఈ ఇద్దరి మధ్య వేయలేదు.

ఒక మంచి మాట కూడా. 1996 రాజ్యాంగం ఆరో సెక్షన్లో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీలతో పాటు తెలుగు పేరు కూడా రాసి ఉంది.

ఇదే పద్ధతి వేరే దేశాలు వాడుకోవచ్చా?

కొన్ని భాగాలు వాడుకోవచ్చు. అర్జెంటీనా 1983లోనే, చిలీ 1990లో ముందు చేశాయి, దక్షిణాఫ్రికా వాటిని చూసే నేర్చుకుంది. బహిరంగ విచారణ, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడటం, మనిషి మనిషికీ విడిగా క్షమాభిక్ష: ఇవి ఎక్కడైనా పనికొస్తాయి. కానీ కేసులు ఎవరు పెడతారు, పరిహారం ఏ తేదీకి ఇస్తారు అన్నది మొదటి రోజే చట్టంలో రాసుకోకుండా బాధితుల్ని మైకు ముందుకు పిలవకూడదు.

ఆ విచారణలు ఇప్పుడు చదవొచ్చా, చూడొచ్చా?

చదవొచ్చు. విచారణల రాతప్రతులు, ఏడు సంపుటాల నివేదిక (చివరి రెండూ 2003లో వచ్చాయి) దక్షిణాఫ్రికా న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. అప్పట్లో ప్రభుత్వ టీవీ వారం వారం ప్రసారం చేసిన ప్రత్యేక కార్యక్రమం కూడా ఇంటర్నెట్‌లో ఉంది. కొత్తగా చదివేవాళ్లు నివేదికతో మొదలుపెట్టకండి, బరువుగా ఉంటుంది. 1996 ఏప్రిల్ ఈస్ట్ లండన్ విచారణ రాతప్రతి తెరవండి, ఆ తర్వాత 1997 బెంజీన్ విచారణ చదవండి. ఈ రెండూ అయ్యాక నివేదిక మొదటి సంపుటానికి టుటు రాసిన ముందుమాటకు వెళ్తే, ఆయన ఏ మాట ఎందుకు రాశారో తెలుస్తుంది.